బసుబులేటి

తలుపు మీద ప్లాస్టిక్ గాడిలో
నా పేరు రెండు లిపుల్లో ఉంటుంది.
అరబ్బీలో 'ప' లేదు గనక
ఎనిమిదేళ్లుగా నేను డాక్టర్ బసుబులేటిని.
మొదట్లో నవ్వొచ్చేది.
జీతం చీటీ మీద, బతాకా మీద, పళ్ల డాక్టరు బిల్లు మీద
అదే పడీ పడీ
ఇప్పుడెవరైనా పసుపులేటి అంటే
ఒక క్షణం ఆగి పలుకుతాను.

ఊరు సూర్. చెక్క ఓడలు కట్టిన ఊరు.
మూడో అంతస్తు ల్యాబు కిటికీలోంచి
సముద్రపు పాయ నిండడం, తీయడం కనిపిస్తాయి.
మా డిపార్ట్‌మెంటూ అంతే.
సెప్టెంబరులో పోటు,
జూన్‌లో ఖాళీ కుర్చీలు తేలతాయి.

ఇవాళ ఫారాలు పంచారు.
సిబ్బందిలో ఉత్సాహం ఎందుకు తగ్గుతోంది,
చేరినవాళ్లు ఎందుకు నిలవడం లేదు,
ఒకటి నుంచి ఐదులోపు ఏదో ఒక సున్నా నల్లగా నింపాలి.
చివర సూచనలకు రెండు గీతలు.

రెండు గీతల్లో వగ్దీ గారు పడతారా?
గురువారం సాయంత్రం మెయిలు. ఆదివారానికి ఆయన లేరు.
దిద్దిన పేపర్లు రోల్ నంబర్ల వరసలో పేర్చి
పైన బరువుకు తన పుదీనా కుండీ పెట్టి వెళ్లారు.

హాషిం బాబికిర్ మాత్రం కదలడు.
"అంత నచ్చిందా ఇక్కడ?" అంటే
"ఖార్తూంలో మా వీధి ఇప్పుడు లేదు" అని
టీలో చక్కెర కలుపుకున్నాడు.
లెక్కల్లో ఆయన, నిలిచిన సిబ్బంది.

మరి నేను?
అక్కడ పదకొండేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీని.
పదకొండేళ్ల చుట్టాన్ని ఏ ఇంట్లో ఉంచుకుంటారు?
గంటకింత. సెలవులొస్తే అదీ లేదు.
హాజరు పట్టీలో అందరి కింద పెన్సిల్‌తో నా పేరు,
ఇన్‌స్పెక్షన్ నాడు చెరపడానికి వీలుగా.
నోటిఫికేషన్ రెండుసార్లు వచ్చింది,
రెండుసార్లూ కోర్టుకెళ్లి అక్కడే ఉండిపోయింది.
ఇక్కడ ఇరవై ఐదో తారీకున ఫోన్ టింగుమంటుంది.
ఆ టింగు కోసమే వచ్చాను, దాపరికమేముంది.

తర్వాత థురయ్యా.
నా మొదటి బ్యాచి పిల్ల. బ్యూరెట్ పట్టుకోవడం నేర్పాను.
పై చదువు చదివొచ్చి పక్క గదిలో లెక్చరరైంది.
రెండేళ్లలో అన్నీ అప్పగించండి అని నాకు ఉత్తరం.
నా కుర్చీ కోళ్లకు నేనే రంపం పదును పెట్టాలి.
పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టిందంటే అబద్ధం.
ఇంతా చేస్తే నిన్న ఆ పిల్లే వెళ్లిపోయింది,
ఊరవతల గ్యాస్ కంపెనీకి.
ఖర్జూరం డబ్బాతో వచ్చి, గుమ్మంలోనే నిలబడి
"జీతం కోసమనుకుంటారు టీచర్, అనుకోనీండి.
రెండేళ్లలో నా క్లాసు ఎలా ఉందని
ఒక్కరూ అడగలేదు, మీరు తప్ప" అంది.

నేనూ అడిగింది ఒక్కసారే. అదీ లిఫ్టులో.

పొద్దున దాద్ కరీం, మా ల్యాబు మనిషి,
ఆమె కార్డు లాగితే వెనకే వగ్దీ వచ్చాడు.
వగ్దీ వెనక నాకు తెలియని ఇద్దరు.
ఇక్కడ పాతవి తీయరు, మీదికి కొత్తది దోపుతారు.
కార్డులు పేకముక్కల్లా సర్దుకుంటూ
నా తలుపు కేసి చూశాడు.
"మీ అసలు పేరేంటి మేడమ్?"
పసుపులేటి అన్నాను, ఒక్కో అక్షరం విప్పి.

"మా బలూచీలో ఉంది కదా ఆ అక్షరం" అని
జేబులోంచి మార్కర్ తీసి
ఒక్క చుక్క ఉన్నచోట ఇంకో రెండు చుక్కలు పెట్టాడు.
కాస్త జరిగి, మళ్లీ రెండు.

ఫారం నాలుగింటికల్లా ఇచ్చేయాలి.
సున్నాలన్నీ మూడు దగ్గరే నింపాను.
రెండు గీతల్లో
'నాలుగో నంబరు బ్యూరెట్ కారుతోంది,
ఇది మూడోసారి రాయడం' అని రాశాను.
పేరు రాయనక్కర్లేదన్నారు.
రాశాను.