సగం బాడుగ

దోనా జుల్మీరా బరువు నా సైకిలుకి తెలుసు.
ఆమె ఎక్కగానే వెనక చక్రం ఒకసారి మూలిగి
తరవాత సర్దుకుంటుంది.
కెలిమానె సంత దాకా ఇరవై మెటికాళ్లు బాడుగ.
ఆమె పదే ఇస్తుంది.
మిగతా పదికీ ఒక మాట చెబుతుంది.

మొదటి శనివారం:
"నిమ్మకాయ కోసేముందు అరచేతి కింద పెట్టి దొర్లించు."
అంతే. దిగిపోయింది.
పది మెటికాళ్లకి దొర్లించడమా అని
సంత గేటు దాకా తిట్టుకున్నాను.

రెండో శనివారం వెల్లుల్లి.
పొట్టుతోనే దంచాలట, దంచాక పొట్టు ఏరాలట,
ఏరే ఓపిక లేకపోతే కోడిని వదిలేసి
గుడ్డు ఉడకేసుకోవాలట.

మూడోవారం వాన. గొడుగు కింద నుంచి మాట రాలేదు.
"వానలో నిప్పు సంగతులు ఎత్తకూడదు."
బాడుగ మాత్రం పదే ఇచ్చింది.

తరవాత పిరిపిరి.
చిటికెనవేలి గోరంత మిరపకాయలు,
ఉప్పుకల్లుతో రోట్లో నూరితే
రోలే తుమ్మాలి.
"గింజలు తీయకు.
మా అమ్మ తీసేది, దొరగారి నోరు మండకూడదని.
నీకు దొరెవడూ లేడు కదా."
ఆ రోజు బురద గుంట తప్పించడం మర్చిపోయాను.
ఇద్దరి కాళ్లూ తడిశాయి.

కొబ్బరిపాలకి రెండు వారాలు పట్టింది:
చిక్కటి మొదటి పాలు రాత్రంతా నానడానికి,
పల్చటి రెండో పాలు నిప్పు మీద పూయడానికి.
తారుమారైతే?
ఆ ప్రశ్నకి వేరే బాడుగ అంది.

మా ఆవిడ ఫెలిస్మీనా లెక్క వేసింది.
"తొంభై మెటికాళ్లు!
కోడి కొనకముందే కోడి ఖరీదు పోయింది."

ఇవాళ ఆదివారం.
రెండుగా కోసిన డ్రమ్ము, చచ్చిన ఫ్రిజ్జు తాలూకు ఇనప జల్లెడ,
అడుగున కొబ్బరి చిప్పల నిప్పులు.
రొమ్ము దగ్గర చీల్చి, పుస్తకంలా విప్పి,
వెన్నెముక మీద అరచేత్తో నొక్కితే
చిన్నగా విరిగిన చప్పుడు.
ముక్కలు కొట్టకూడదు.
"ఒక్క కోడిగా వచ్చింది, ఒక్క కోడిగానే పోవాలి."
ఇది ఏడో వారం మాట.

ఖాళీ బీరు పెట్టె బోర్లించి కూర్చుంది దోనా జుల్మీరా.
సలహా ఇవ్వనని ముందే చెప్పింది,
ఆదివారం ఆమె ఎక్కడికీ ప్రయాణం చెయ్యదు.
పాలు కారి నిప్పు భగ్గుమంది.
కుడి తొడ నల్లబడింది.
ఆమె నోరు కదల్లేదు గానీ
ఒళ్లో చెయ్యి మాత్రం
కనపడని కోడిని ఒకటి తిప్పింది.
నేనూ తిప్పాను.

పీచు కుంచెతో పూత, మళ్లీ పూత,
పొగలో కళ్లు మూసుకుని పూత.
గోడవతల అన్సెల్మో కుక్క
గొలుసుతో సహా మా వైపుకి నడిచొచ్చింది.
కడిగిన కొత్త సైకిలు పుల్ల తొడలో గుచ్చితే
మొదటిసారి గులాబీ రంగు నీరు,
నాలుగోసారి తేటగా.

మెడ ఆమెకిచ్చాను. అడిగి మరీ తీసుకుంది.
ఎముక ఎముకా చీకింది, ఒక్కో పూసా పళ్లేనికి రాల్చింది,
వేళ్లు నాకింది, మాడిన తొడని కూడా
ఫెలిస్మీనా పళ్లెంలోంచి లాగేసుకుంది.
ఎలా ఉందో చెప్పలేదు.
కుక్కకి ఏమీ మిగల్చలేదు.

తరవాతి శనివారం సంత దగ్గర దిగి
నా చేతిలో రెండు పది మెటికాళ్ల బిళ్లలు పెట్టింది.
పూర్తి బాడుగ.
చెయ్యి ఒక్కసారి చల్లబడింది.
రెండడుగులు వేసిందాకా ఆగి, గంట మోగించి
"మరి చేపకో?" అన్నాను.

దోనా జుల్మీరా వెనక్కి వచ్చింది.
నా అరచేతిలోంచి ఒక బిళ్ల
తిరిగి తీసుకుంది.