మరకల లెక్క

ఆస్టిన్ టౌన్ మూడో క్రాసులో
ట్రాన్స్‌ఫార్మరు పక్కన నా ఇస్త్రీ బండి.
ఆట అయిన మర్నాడు మాధవన్ ఆటోలో మూట తెచ్చి దించుతాడు.
హలసూరు రోవర్స్ వాళ్లది.
పద్దెనిమిది చొక్కాలు, పద్దెనిమిది నిక్కర్లు,
మేజోళ్ల లెక్క దేవుడికే తెలుసు.

ఆరేళ్లలో ఒక్క ఆటకీ టికెట్టు కొనలేదు నేను.
అయినా ఎవరెట్లా ఆడేదీ దోభీఘాట్ బండ మీద తెలిసిపోతాది.
నాలుగో నంబరుకు ఎడమ తుంటి మీదే మట్టి.
అంటే ఎప్పుడూ ఒకవైపే జారతాడు,
రెండోవైపు నుంచి వచ్చినోడికి దోవ ఇడిచిపెట్టినట్టే.
పదో నంబరు చొక్కా
తొంభై నిమిషాలు ఆడినాక కూడా
పెళ్లికి కట్టుకుపోయిన పంచె మాదిరి.
అత్తరు వాసన ఒకటి.
నాకు సబ్బు మిగులు.

నిన్న డ్రాఫ్టు.
ముంబైలో ఏదో హోటల్లో అంట.
బొగ్గులు రాజేసి, ఎదురు బేకరీ టీవీ ముందర నిలబడినా.
చీటీపాట తెలిసినదాన్ని, ఇది నాకు కొత్తా?
గొంతుమీదికి వచ్చినోడు తొలి నెలలోనే పాడుకుంటాడు,
ఓపికున్నోడు చివర్లో నిండు చీటీ ఎత్తుకుంటాడు.
మనోళ్లు మొదటి పిలుపుకే ఎగిరినారు.
ఎవరికోసం?
ఇంకో పదో నంబరుకోసం!
జుట్టుకు రంగు, చెవికి పోగు.
"బొమ్మ బాగుందక్కా" అన్నాడు బేకరీ అష్రఫ్.
బాగుంటే గోడకు కొట్టుకో అన్నా.

పోయినేడు యాభై ఒక్క గోలు తిన్నాం.
కప్పు కారే ఇంటికి తోరణాలు తెస్తారా ఎవరన్నా?
రెండో రౌండులో మోకాలికి పట్టీ లేనిదే నడవలేని పెద్దమనిషి.
మూడోదాంట్లో గోల్‌కీపరు,
ఉన్న ఇద్దరూ బెంచీ అరగదీస్తా ఉంటే.
"జీతాలకు పరిమితి ఉంటాది, ఏజెంట్లుంటారు, నీకు తెలీదక్కా."
నిజమే, తెలీదు.
ఏజెంటు చొక్కా ఇంతవరకూ నా బండికి రాలేదు.

నాకు కావాల్సింది లాల్‌మువానా.
పోయిన డిసెంబర్లో ఎదుటి టీము మూట
పొరబాటున నా దగ్గరికొచ్చింది.
ఇరవై మూడో నంబరు.
రెండు మోచేతులూ పచ్చ, రెండు తుంట్లూ ఎర్రమట్టి,
వీపు మీద ఎవరిదో బూటు అచ్చు,
కాలరు కొరికి కొరికి పీచులైపోయింది.
మూడు నీళ్లు మార్చినా వదల్లేదు ఆ మట్టి.
ఎవరప్పా ఇది అని మాధవన్‌ని అడిగితే
ఐజోల్ పిల్లోడు, స్టాపరు, పంతొమ్మిదేళ్లు అన్నాడు.
కాలరుకు నా దారంతోనే నాలుగు కుట్లేసి పంపినా.
కూలి వేసుకోలేదు.

ఐదో రౌండు దాకా వాడు మిగిలే ఉన్నాడు.
తెర అడుగున చీమల బారు మాదిరి ఇంగ్లీషు అక్షరాలు,
అష్రఫ్ చదివి చెప్తా ఉన్నాడు.
మన వంతు వచ్చింది.
బల్ల దగ్గర కోటులోళ్లు తలలు దగ్గర పెట్టుకున్నారు.
నేను చెయ్యెత్తినా.
బేకరీలో, అందరి ముందర, బస్సు ఆపేదానికి ఎత్తినట్టు.
ఇంకెవరినో పిలిచినారు.
ఆ తర్వాతి పిలుపుకే గోవావాళ్లు వాణ్ణి ఎత్తుకుపోయినారు.

తిరిగొచ్చేసరికి ఇస్త్రీపెట్టె కింద
టీచరమ్మ కాటన్ చీర అంచు కమిలింది.
నూట యాభై నష్టం.
రోవర్స్ ఖాతాలో రాసినా.

ఆగస్టులో కొత్త చొక్కాలొస్తాయి.
ఆ రంగుజుట్టోడిది ముందుగా తిరగేసి చూస్తా.
మోచేతి దగ్గర గోరంత పచ్చ కనిపించినా
అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటా,
అష్రఫ్ ఎదురుగానే.

గోవావాళ్లు జనవరిలో ఇక్కడికి ఆడేదానికొస్తారంట.
మాధవన్‌కి చెప్పిపెట్టినా:
వాళ్ల మూట కూడా నా బండి దగ్గరే దించప్పా,
పొరబాటున.