శనివారం మూడింటికి, కూర్మమ్మా

ఓలే కూర్మమ్మా,
శనివారం మూడింటికి నీ పేరు రాయించీసినాను.
బరంపురం గిరి రోడ్డులో, మందుల సాపు మీద మేడ.
మెట్లు పద్దెనిమిది. మోకాలు సూసుకో.
జోళ్ళు బయటే ఒగ్గీ.

ఒక కాయితం ఇస్తాది పిల్ల.
దాని పేరు మినతి, చికిటి వైపుది. తెలుగు రాదు.
అప్పడాల షెడ్డులో నేర్సిన ఒడియా నీకుంది కదా, సాలు.
బీపీ ఉందా, సుగరుందా, కోతలేటైనా పడ్డాయా అంటాది.
సెప్పీ. అది పెళ్ళిసూపులు కాదు.
కాయితం మీద మనిషి బొమ్మ ఉంటాది, ముందూ ఎనకా.
నొప్పున్న సోట సున్నా సుట్టమంటాది.
నాను మనిషంతటికీ కలిపి ఒకటే సున్నా సుట్టీసినాను.
నవ్వింది.
మరింక నవ్వనేదు.

నీకెంతవరకు ఇష్టమైతే అంతవరకే బట్టలు తియ్యి,
దుప్పటి కింద బోర్లా పడుకో, అనీసి
బయటికెల్లిపోతాది.
మళ్ళీ వచ్చినపుడు తలుపు కొడతాది.
కూర్మమ్మా, నీ పుట్టక పుట్టినకాడి నుంచీ
నువ్వున్న గదికి తలుపు కొట్టి వచ్చినోలు ఎవులు?
"రా" అనడానికి నాకు నోరు పెగల్నేదు.
మూడోసారి కొడితే అన్నాను.

పుస్తెలతాడు సిన్న గిన్నిలో పెట్టమంటాది, నూనవుతాదని.
పెట్టీసినాను.
రెండుసార్లు తలెత్తి సూసినాను.
అదక్కడే ఉంది. నానిక్కడే ఉన్నాను.
మా ఆయనకి సెప్పకు.

మంచానికి తల కాడ బొక్క. మొగం అందులో పెట్టాల.
ఊపిరాడదేమో అనుకున్నాను. ఆడతాది.
అందులోంచి నేల, మినతి పాదాలు,
ఎవులిదో జారిపోయిన పిన్నీసు.
గంటసేపు నా లోకం అదే.

నూన ఎచ్చగుంటాది.
రుద్దే సోటే దుప్పటి తీస్తాది, అయిపోగానే కప్పీస్తాది.
బాలింతప్పుడు మా అత్త రుద్దీది,
ఇత్తడి బిందె తోమినట్టు.
ఇది అది కాదు.

"జోర్? టికే ఆస్తే?" అనడుగుతాది.
పరవానేదు అన్నాను. అలవాటు.
మళ్ళీ అడిగింది.
పరవానేదు అన్నాను.
సేతులు ఆపీసి నిలబడిపోయింది.
పాదాలు కదలనేదు. పిన్నీసు మెరిసింది.
అప్పుడు సెప్పినాను: కొంచెం తక్కువ. ఎడమకి. అక్కడ.

సెయ్యి పట్టుకుని ఎత్తుతాది. సాయానికి నువ్వూ ఎత్తుతావు.
ఎత్తకు. బరువు నాకొగ్గీ, అంటాది.
మొత్తం దాంట్లో కష్టమైంది అదే కూర్మమ్మా,
మన సెయ్యి మనం మొయ్యకుండా ఉండడం.

కుడి రెట్ట కాడ గడ్డుంది కదా, నాకూ నీకూ షెడ్డులో అందరికీ,
మినప్పిండి ఉండంత.
సెడ్డ జబ్బేమోనని నానెవులికీ సెప్పనేదు.
కండే అంది. గట్టిపడ్డ కండ.
బొటనేలు దాని మీదెట్టి ఆగింది. నొక్కనేదు, ఆగింది.
తరవాత మోసేత్తో, నడిమి నుంచి అంచుకి,
తిప్పి మళ్ళీ అంచుకి.
ఓలమ్మా, ఈ పని నాకు తెలుసు!
ముప్పై ఏళ్ళు కర్ర పక్కనున్నాను.
ఆవేల పిండి పక్కనున్నాను.

గేటు కాడ రైలు కూసింది.
నాను ఏడ్సీసినాను.
ఏ కష్టమూ గురుతుకు రానేదు, ఊరికినే.
నీకు ఏడుపు రాకపోవచ్చు. గురక రావొచ్చు.
రెండూ సూసిన పిల్లే అది.

అయిపోయాక బేగి లేవకు, కళ్ళు తిరుగుతాయి.
సెంబుడు నీళ్ళు తాగమంటాది.
ఏడొందలు. అంటే ఇరవై కిలోల అప్పడాలు.
ఇంటికాడ రెండొందలని సెప్పు, నానూ అదే సెప్పినాను.
మర్నాడు ఒళ్ళు పచ్చిపుండు. ఎల్లుండికి తగ్గుతాది.
గడ్డ పోనేదు.
నానిన పప్పులాగ కొంచెం మెత్తబడింది, అంతే.

ఇలా రా, ఆ కర్ర పక్కనెట్టు.
నా ముందు కూకో.
బుజం మీద సెయ్యేస్తాను.
సాలా? ఇంకానా? తక్కువా?
సెప్పు.
పరవానేదు కాదు.
సెప్పు.