రద్దును రద్దు చేయాలా?

ఆమె మంగళవారం వచ్చింది.
బెర్గెన్‌లో ఎప్పటి వానే, ఇక్కడ దాని గురించి ఎవరూ మాట్లాడరు.
గొడుగు దులిపి పేరు చెప్పింది: తోరున్ ఐకెలాండ్.
ఒక పెన్సిలు, పసుపు చీటీల కట్ట,
తెర మూల పగిలిన పాత ఫోను.
"కావాలనే తెచ్చాను" అంది,
"అందరి ఫోనూ మీ ఫోనులా ఉండదు."

మాది పడవ టికెట్ల యాప్.
పదకొండు రేవులు, మూడేళ్ళ పని.
చీకట్లో ఇంటి స్విచ్చు తెలిసినట్టు
దాని ప్రతి మూలా నా వేలికి తెలుసు.
స్విచ్చు చేతికే తెలిసినవాడు
గోడ మీద గుర్తు పెట్టాలనుకోడు.
ఈ మాట ఇప్పుడంటున్నాను. అప్పుడు తెలీదు.

ఏమీ అడగలేదామె. టికెట్ కొంది.
కొనేలోపు రెండుసార్లు బొటనవేలు గాలిలో ఆగింది,
కొత్త ఊళ్ళో దారి అడగడానికి మొహమాటపడే మనిషిలా.
ఆగిన చోటల్లా ఒక చీటీ.

తర్వాత ఆ తెర వచ్చింది.
*టికెట్ రద్దు చేయాలా?*
కింద రెండు మీటలు: *రద్దు. సరే.*
చాలాసేపు చూసి మెల్లగా అడిగింది:
"రద్దు నొక్కితే టికెట్ రద్దవుతుందా,
రద్దే రద్దవుతుందా?"
గదిలో తొమ్మిదిమందిమి. ఒక్కరం నవ్వలేదు.
ఆ మీట రాసింది నేను.

పక్క గదుల్లో ఆమె మనుషులు ఇంకో ఇద్దరు.
ఒకరి చీటీలు ఒకరు చూడకూడదట, చివరిదాకా.
ఒక కంటికి తప్పింది ఇంకో కంటికి చిక్కాలని.
సాయంత్రానికి గోడంతా ఆవాల పొలం.
కలిసినవి కలపగా నలభై మూడు.
ఒక్కోదానికి ఒక అంకె:
ఒకటంటే చికాకు,
నాలుగంటే పడవ వెళ్ళిపోతుంది, మనిషి రేవులో ఉంటాడు.
నెలరోజులు కొట్టుకున్నామే, లోగో నీలం గురించి,
దానికి చీటీయే లేదు.

మా మేనేజరు ఈవిన్ గొంతు సవరించుకున్నాడు:
"ఇన్నాళ్ళూ ఎవరూ ఫిర్యాదు చేయలేదే?"

"చేశారు."

తలుపు దగ్గర మిర్సాద. ఫోన్లు ఎత్తే మనిషి.
కాఫీ కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చింది, అంతే.
వెళ్ళి, గళ్ళ నోటుబుక్కులు ఆరు పట్టుకొచ్చింది, ఏడాదికొకటి.
యాప్ పుట్టకముందువీ ఉన్నాయి వాటిలో.
*మార్చి 9. పెద్దాయన. రద్దు నొక్కి, డబ్బు వస్తుందని కూర్చున్నాడు.*
*నవంబరు 2. డయాలిసిస్‌కి వెళ్ళాలి. పడవ తప్పింది.*
*నవంబరు 2. మళ్ళీ ఆయనే. ఏడుస్తున్నాడు.*

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు.
మా పెరడు అదే అంతస్తులో, లిఫ్టు పక్క గది.
రెండేళ్ళ కిందట ఇవే పేజీలు ఆమె నాకు చూపించబోయింది.
విడుదల వారం, తర్వాత చూద్దాం అన్నాను.
ఆ తర్వాత అన్నది రాలేదు.

తోరున్ టీ చల్లారేదాకా చదివింది.
లేచి వెళ్ళి ఒక చీటీ మీద తను వేసిన *రెండు*ని
రబ్బరుతో చెరిపి *నాలుగు* చేసింది.
"నాకిది చిన్నదిగా కనబడింది" అంది.
"నేను డయాలిసిస్‌కి వెళ్ళను కదా."
నిపుణులు తమ అంకె తామే చెరపగా
అంతకుముందు నేను చూడలేదు.
నివేదిక మొదటి పేజీలో రెండు పేర్లున్నాయి.
రెండోది మిర్సాదది.

ఫిబ్రవరిలో రేవుకెళ్ళాను, ఊరికే.
కొత్త మీటలు: *టికెట్ వదులుకుంటాను. ఉంచుకుంటాను.*
వాటిని చూసి నాలో నేనే కాస్త పొంగిపోతుండగా
నా ముందున్నాయన, రెండు చేతులకూ తడిసిన ఉన్ని తొడుగులు,
ఒకసారి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.
తర్వాత ఎంతో అలవాటైనవాడిలా
ఫోను పైకెత్తి
ముక్కుతో నొక్కాడు.

జేబులో పసుపు చీటీ ఉంది, పెన్ను ఉంది.
వానలో పెన్ను రాయలేదు.
ఆమె పెన్సిలు ఎందుకు తెచ్చిందో అప్పుడర్థమైంది.
టికెట్ చూసే కుర్రాణ్ణి ఒకటి అడిగి తీసుకుని
పడవ కదిలేలోపు రాశాను:
నలభై నాలుగు.