సోమవారం నాటి నిల్వ

తొంభై రోజులిచ్చారు మాకు,
ముగ్గురు గుమాస్తాలకి, ఒక స్కానర్‌కి,
నాలుగు వేల నూట పన్నెండు దరఖాస్తులకి.
రోజూ సాయంత్రం ఐదుంపావుకి
సూపరింటెండెంట్ పరదేశిగారు
తెల్లబోర్డు మీద పాత అంకె చెరిపి కొత్తది రాస్తారు.
పేరుకే పరదేశి, అనకాపల్లి దాటి
మూడు రాత్రులు ఎక్కడా పడుకోలేదాయన.

బీరువా వెనక కట్టలు.
అడుగువి హుద్‌హుద్‌కి తడిసి అట్టల్లా బిగుసుకున్నాయి.
పైవాటి మీద పోర్టు నుంచి వచ్చి కూర్చున్న దుమ్ము,
గుడ్డతో తుడిస్తే ఎర్రగా వస్తుంది, ఇనపరజను.
కాగితానికి తుప్పు పట్టడం నేనిక్కడే చూశాను.

మొదటి నెల బాగానే నడిచింది.
ఫొటో లేనివాళ్లని పిలిచి ఫొటో,
సంతకం లేనివాళ్లని పిలిచి సంతకం.
ఫార్మసీ చదివే టాంజానియా కుర్రాడొకడు
వీసా పొడిగింపు కాగితం అందుకుని
మా ప్యూన్‌కి వంగి దండం పెట్టాడు.
చదువైపోయి ఆర్నెల్లయిందట.

రెండో నెలకి అంకె మొండికేసింది.
అప్పుడొచ్చింది పైనుంచి ఒక ఆదేశం:
రెండు ఉత్తరాలకి జవాబివ్వని దరఖాస్తులను ముగించవచ్చు.
ముగించవచ్చు.
ఎంత మెత్తటి మాట!
మర్నాడు భోజనాల వేళకే రెండొందలు తగ్గాయి.
కంప్యూటర్‌లో రెండింటికీ ఒకటే గడి,
ఇచ్చినా పరిష్కారమే, మూసినా పరిష్కారమే.
నా వాటా పందొమ్మిది మూశాను.
ఇరవయ్యోది, కోరాడ అప్పలకొండ.

పుట్టిన ఊరు మౌల్మేన్.
దిగిన ఓడ పేరు చెదలు తిన్నాయి.
కోరినది పౌరసత్వ ధ్రువపత్రం.
తేదీ చూశాను, నేను పదో తరగతి తప్పిన ఏడాది.
ఉత్తరాలు రెండూ తిరిగొచ్చాయి,
ఈ చిరునామాలో లేరని పోస్టుమాన్ గీత.

వేలు మౌస్ మీదే ఉంది.
ఎందుకో టీకి లేచాను.
తాగొచ్చి కూడా నొక్కలేదు.
మంచితనమని చెప్పను,
శుక్రవారం, బద్ధకం కూడా కావచ్చు.

కంచరపాలెం బస్సెక్కాను.
బర్మా క్యాంపులో డోర్ నంబర్లు మూడుసార్లు మారాయట,
మనుషులు అక్కడే ఉన్నారు.
'ఖౌస్వే బండి అప్పలకొండా?'
సైకిల్ తొక్కుతూనే ఒక పిల్లాడు రైలు గేటు చూపించాడు.

ఆవిడ నూడుల్స్ మీద వేయించిన ఉల్లిపాయ చల్లుతోంది.
ఎక్కణ్ణుంచి వచ్చానో చెప్పాను. చెయ్యి ఆగలేదు.
'ఏటి బాబూ, ఇప్పుడా గుర్తొచ్చినాను?
కరెంటు బిల్లుకి అగుపడతాను,
గ్యాసు బండకి అగుపడతాను,
మీ ఉత్తరానికే అగుపడనేదా?'
డబ్బుల పెట్టె అడుగు నుంచి
ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతల రసీదు తీసింది.
మా ఆఫీసు ముద్ర, మా పాత గుమాస్తా సంతకం.
ఆయన పోయాడు. రసీదు పోలేదు.

'ఇన్నేళ్లకి ఇంక దేనికమ్మా అది?'
అడక్కూడనిది అడిగాను.
'దేనికేటి? అడిగినాను కదా.
ఔనో కాదో ఒకటి సెప్పాల.'
ప్లేటు నా చేతిలో పెట్టింది.
యాభై నోటిస్తే తడి చేత్తోనే
ఇరవై తిరిగిచ్చింది, అప్పటికప్పుడు.
ఆ బండి మీద నిల్వ ఏమీ లేదు.

సోమవారం ఆవిడ ఫైలు మీద
'దరఖాస్తుదారుని కలిశాను' అని రాసి పైకి పంపాను.
తర్వాత చెప్పాను పరదేశిగారికి,
నేను మూసిన పందొమ్మిదీ మళ్లీ తెరవాలని.
'బస్సు చార్జీలు ఎవడిస్తాడోయ్?' అన్నారు.
కళ్లజోడు తుడుచుకున్నారు,
అవసరం లేకపోయినా ఇంకోసారి తుడుచుకున్నారు.

ఐదుంపావుకి బోర్డు మీద
శుక్రవారం కన్నా పద్దెనిమిది ఎక్కువ.
మార్కర్ మూత పెట్టకుండానే
ఆయన ఇంటికి వెళ్లిపోయారు.