ఆరిళ్ల నీళ్లు

ఫిబ్రవరి గడ్డకట్టుకి పాత పంపు
దగ్గి దగ్గి, మంగళవారం తెల్లారకట్ల
ఊరుకుంది.
లీట్రిమ్ కొండవాలున ఆరిళ్లు మావి,
బోరు ఒకటే.
ఆ వారమంతా మొహాలు కడుక్కున్నది
అట్రాక్టా గొర్రెల తొట్టిలో మంచు పగలగొట్టి
తోడుకున్న వాననీళ్లతో.

గురువారం రాత్రి ఆమె వంటింట్లో చేరాం.
బల్ల మీద మూడు కంపెనీల కాగితాలు,
వాటి మీద టీ మరకలు.
ఫింటన్ కళ్లజోడు పైకి తోసి చదివాడు:
పంపులు రెండుండాలిట,
ఒకటి పనిలో ఉంటే రెండోది కునుకు తీస్తూ,
వంతులు మార్చుకుంటూ.
"పై ఇంటిదాకా ఎక్కాలంటే మూడు బార్లు."
"మూడే? ఈ ఊళ్లో ఉన్న ఒక్క బారూ
నిరుడు మూసేశారు" అన్నాడు మాలకీ.
నవ్వాం. ఎండిన గొంతుల నవ్వు.

లెక్కలు రాసింది నేను.
నిమిషానికెన్ని లీటర్లు,
బోరు ఊరేదెంత, ఊరేదానికన్నా తోడేస్తే
బురద ఎన్నాళ్లకి పైకొస్తుంది.
కింది ఇంటి కొత్త జంటకి
జడివానలాంటి షవరు కావాలి.
ఓయిన్ ఆవులకి పొద్దున్నే ఆరింటికి కావాలి.
ఖర్చు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

అందరికన్నా పైనుండేది నూలా.
ఇరవై రెండేళ్లుగా ఆమె కుళాయి విప్పితే
నూలుపోగంత ధార.
కింద ఎవరు బట్టల మిషను వేసినా
ఆ పోగూ తెగేది.
తలకి సబ్బుతో, చలిలో,
మా పనులయ్యేదాకా నిలబడేది.
ఒక్కసారీ కిందికొచ్చి అడగలేదు.
అడగలేదు కదా అని
మేమూ తెలుసుకోలేదు.

ఆ రాత్రి మాత్రం అడిగింది:
"అది చెడితే ఎవరొస్తారు?"
కాగితాలు తిరగేశాం.
పదేళ్ల హామీ ఉంది. మనిషి పేరు లేదు.

ఆదివారం రాత్రి పదిన్నరకి
మూడు నంబర్లకీ తనే ఫోన్ చేసిందిట.
మొదటిది సంగీతం వినిపించింది.
రెండోది, మీరు మాకెంతో ముఖ్యం అని
మరగొంతుతో చెప్పి తెగిపోయింది.
మూడోదానిలో ఒక ఆడమనిషి, నిద్రమత్తు,
వెనకాల పిల్లాడి ఏడుపు.
"ఏ ఊరు? కరెంటుందా?
గేజి ముల్లు ఎక్కడుంది?"
"ఇంకా కొనలేదమ్మా" అంది నూలా.
అవతలామె తిట్టి పెట్టేసింది.

ఆ తిట్టుకే ఓటేశాం, ఆరిళ్లూ.

ఏప్రిల్లో ఆమే వచ్చింది, సొర్హా,
వ్యాను ముందు సీట్లో పిల్లాణ్ణి కట్టేసి.
నీలం ట్యాంకుని వేలి కణుపులతో కొట్టి చూపించింది:
పైన గాలి, ఖంగుమంటుంది.
కింద నీరు, పలకదు.
"పైనా కిందా మూగబోయిన రోజు
నాకు ఫోన్ చెయ్యండి" అని,
గుమ్మం దాటాక వెనక్కి తిరిగి
"ఆదివారమైనా" అంది, నూలాని చూడకుండా.

సాయంత్రం చీటీ పట్టుకుని పైకెక్కాను,
కడపటి ఇంట్లో ఒత్తిడి రాసుకోవడానికి.
నూలా కుళాయి తిప్పింది.
నీళ్లు సింకుని కొట్టి, ఎగిరి,
ఆమె చేతులూ స్వెటరూ కిటికీ అద్దమూ తడిపాయి.
వెనక్కి గెంతింది, చిన్నపిల్లలా.
మళ్లీ ముందుకొచ్చి
సగానికి కట్టేసింది.
"కింద ఎవరైనా
తల రుద్దుకుంటున్నారేమో."