మొగ కదిలింది

పటంలో ఋషికుల్య ఒక నీలం దారం.
దాని మీద దాటే చోట్లు రెండే,
ఒకటి అస్కా దగ్గర, ఒకటి ఎక్కడో కొండల్లో.
గంజాం కోట కింద కళింగ సేన
ఎనిమిది వంతులుగా నిలబడే ఉంది.
ఏనుగులన్నీ ఒకే గడిలో ఇరుక్కుని
ఒకదాని తొండం ఇంకోదాని కడుపులోంచి బయటికొచ్చింది.
సముద్రం వైపు మాత్రం అడ్డే లేదు.
గోపాలపురం ఇసుకలోంచి ఒక్క అడుగేస్తే
గుర్రాలు గిట్ట తడవకుండా
రంగంలో తేలతాయి.

ఆడేవాళ్ళు తిట్టారు. న్యాయమే.
ఆ ముక్క గీసింది నేనే,
బరంపురంలో, మా జిరాక్సు కొట్టు వెనక గదిలో,
ఉపగ్రహం ఫోటో మీద మౌసు జరుపుకుంటూ,
ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏట్లో
ఒక్కసారీ కాలు పెట్టకుండా.

ఆదివారం జోగీ బెహెరాని బండెక్కించుకుని పోయాను.
సరుగుడు తోపు దాటాక దారి అయిపోయింది,
ఇసుక మొదలైంది.
సూరాడ తవిటయ్య వల బాగుచేస్తున్నాడు,
కాలి బొటనవేలికి దారం తగిలించి.
ఫోన్లో పటం చూపించాను.
ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని
చాలాసేపు చూసి, ఒకటే అడిగాడు:

"ఇది ఏ నెల్లో ఏరు, బాబూ?"

నా దగ్గర జవాబు లేదు.
నా ఏటికి నెలలు లేవు.

"సైత్రంలో అయితే ఈ దిబ్బ మీంచి మేకలెల్పోతాయి.
ఆసాడమొస్తే పడవ కావాల.
బాద్రపదంలో పడవున్నా నానెక్కను, నిన్నెక్కనీను.
మొగంటావా? నిరుడు అదిగో, ఆ తోపు కాడుండీది.
ఈయేడు ఇక్కడికొచ్చింది.
పైయేడెక్కడో దాన్నే అడుగు."

ఏనుగులు దాటతాయా అన్నాను.
"మా బామ్మర్ది పెళ్ళికి బేండుమేళం దాటింది.
పెద్ద డోలు తడిసి సచ్చింది.
ఏనుగు సంగతి నాకేటి తెల్సు!"
జోగీకి ఒడియాలో చెప్పాను.
వాడు నవ్వుతూనే పుస్తకంలో రాసుకున్నాడు:
డోలు, బరువు, భాద్రపదం.

మరి సముద్రం?
తవిటయ్య వల పక్కన పెట్టాడు.
"మా తాత గోపాలపురం రేవులో కుట్టు పడవేసీవోడు,
మేకు లేని పడవ, కొబ్బరి తాడుతో కుట్టింది.
రంగమెల్లీ ఓడ దూరంగా ఆగీది.
సముద్రం దాటడం ఓడ పని.
మూడలలు దాటించడం మా తాత పని.
మునిగినోళ్ళందరూ
ఆ మూడలల కాడే మునిగినారు."

ఆ రాత్రి కొట్టు తలుపు దింపి కూర్చున్నాం.
వంతుకో నెల పెట్టాం.
చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా దిబ్బ తెరిచాం,
ఆషాఢంలో పడవలున్న వాళ్ళకే,
శ్రావణ భాద్రపదాలు ఎవ్వరికీ లేదు, చక్రవర్తికైనా.
తీరం పొడవునా వెంట్రుకంత సన్నటి పట్టీ గీసి
మూడలలు అని పేరు రాశాను.
అక్కడ ప్రతి సేనా ఒక వంతు ఆగాలి.
పడవవాళ్ళు లేని సేనలో
పదికి ముగ్గురు పోతారన్నాను.
ఎక్కువ, ఇద్దరు చాలన్నాడు జోగీ.
టీ చల్లారేదాకా బేరమాడి
రెండున్నర దగ్గర ఆగాం.
ఆ అర మనిషి ఎవరని
ఇద్దరం అడగలేదు.

మొగని కదపడం మాత్రం చేతకాలేదు.
పటం బొమ్మే కదా,
బొమ్మలో ఏరు పడుకున్నచోటే పడుకుంటుంది.

ఏనుగులు కదిలాయి. తిట్లు ఆగాయి.
ఒకాయన మాత్రం భాద్రపదంలో
సేన మొత్తం గట్టు మీద కూర్చోబెట్టి
రెండు నెలలు తిండిగింజలు లెక్కపెట్టుకున్నాడట.
బాగుందన్నాడో విసిగించిందన్నాడో
ఆయన మాట తీరులో తేలలేదు.

కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున ఫోను.
తవిటయ్య మనవరాలు నూకరత్నం.
వెనకాల అలల చప్పుడు, ఎవరో దగ్గుతున్నారు.
"తాత సెప్పమన్నాడండీ, మొగ కదిలిందంట.
మీ ఆటలో కూడా
జరుపుకోమన్నాడు."

సరేనని పెట్టేశాను.
ఏ పక్కకో అడగలేదు.